సమాచారదాత నంబర్ ఒకటి

పోయిన ఆదివారం మా చెల్లెలు విమల మనవరాలు సహస్ర ఉప్పల్‌లో మా ఫ్లాటుకు వచ్చింది. చెప్పులు పూర్తిగా విప్పకముందే వంటింట్లోకి తొంగిచూసి, "ఆ గాజు జాడీ ఉన్నది కదా పెద్దమ్మమ్మా, పారెయ్యలేదు కదా" అని అడిగింది. పిల్ల నన్ను చూడడానికి రాలేదు, జాడీని చూడడానికి వచ్చింది. నాకేం బాధ కలగలేదు. అరవై ఆరేళ్ల మనిషిని వెతుక్కుంటూ ఆదివారం పూట ఎవరైనా మెట్రో ఎక్కి వచ్చారంటే, ఏదో ఒక జాడీ ఉండే ఉంటుంది.

సహస్ర పోచారం దాటాక కొత్తగా లేచిన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో కంప్యూటర్లు చదువుతోంది. ఊరికే చదవడం కాదు, ఆనర్స్ ప్రోగ్రాంలో చదువుతోంది. మామూలు పిల్లలు కంప్యూటర్లు మాత్రమే నేర్చుకుంటే, ఆనర్స్ పిల్లలు ప్రతి సెమిస్టరులో ఒక అంతర్విభాగ కోర్సు కూడా తీసుకోవాలట, అంటే రెండు మూడు శాస్త్రాలు కలిపి వండిన కోర్సు. పోయినసారి తీసుకున్నది నిద్ర గురించి: శరీరశాస్త్రంలో నిద్ర, కవిత్వంలో నిద్ర, రాజకీయాల్లో నిద్ర. ఆ కోర్సులో తనకు మంచి ఆచరణాత్మక అనుభవం వచ్చిందని సహస్రే చెప్పింది. ఈసారిది వస్తువు, విజ్ఞానం, సమాజం. ఇంట్లో వాడే ఒక పాత వస్తువును తీసుకోవాలి, దాన్ని రెండు శాస్త్రాల వైపునుంచి చూడాలి, దాని గురించి తెలిసిన ఒక పెద్ద మనిషిని ప్రశ్నలడిగి రికార్డు చేయాలి. పెద్ద మనిషిని అందులో సమాచారదాత అంటారు.

నాలుగు పేజీల ఫారం నా ముందు పెట్టింది. మొదటి పేజీలోనే నల్లటి అక్షరాలతో ఒక నిబంధన ఉంది: సమాచారదాతకు విద్యార్థితో బంధుత్వం ఉండరాదు. దాని కింద "బంధుత్వం" అన్న గడిలో సహస్ర అప్పటికే "లేదు" అని టిక్కు పెట్టేసింది.

"మరి నేను నీకేమైతనే" అన్నాను.

"ఏం గావు. జస్ట్ ఇరవై నిమిషాలు ఏం గావు. తర్వాత మళ్ల పెద్దమ్మమ్మవే" అంది.

నాకు నవ్వొచ్చింది. ఎంత నవ్వానంటే పిల్ల లేచి మంచినీళ్లు తెచ్చింది. దానికి తెలియదు కదా, ఆ నిబంధన నేను కనిపెట్టిందే. నలభై ఏళ్ల పైమాట, నాచారంలో, ఒక సాయంత్రం, నా అవసరం కొద్దీ నోటితో కల్పించాను. ఇప్పుడది నల్లటి అక్షరాల్లో, పైన యూనివర్సిటీ ముద్రతో, అచ్చయి నా ఇంటికే వచ్చింది. జీవితంలో నేను కనిపెట్టింది ఏదైనా ఉందంటే ఇదొక్కటే.

ముందు జాడీ సంగతి చెప్పాలి. మందపాటి గాజు, గుమ్మడికాయంత పొట్ట, పైన గుండ్రటి మూత, మూత మధ్యలో పట్టుకోవడానికి ఒక బొడిపె. ప్రయోగశాలల్లో పొడులకు తేమ తగలకుండా ఇలాంటి వాటిలో పెడతారు. మా ఇంట్లో మాత్రం మొదటినుంచీ మామిడికాయ తొక్కు పెడుతున్నాం. అంచు దగ్గర గోరంత ముక్క లేచిపోయిందని నాయిన పనిచేసే ల్యాబ్‌వాళ్లు పనికిరాని సామాన్ల జాబితాలో వేస్తే, మా నాయిన కాగితం మీద అనుమతి రాయించుకుని, గోనెసంచిలో చుట్టి, సైకిల్ వెనక కట్టుకుని నాచారం తెచ్చాడు. రెండు నెలలు ఆదివారాలన్నీ వాకిట్లో కూర్చుని ఆ అంచును ఇసుకపొడితో అరగదీశాడు. తీరా అంతా అయ్యాక అమ్మ ముట్టుకోనంది. "దీంట్ల ఏం విషం వోసిన్రో ఏమో, నేను తొక్కు వెట్ట" అంది. నాయిన వాదించలేదు. జాడీని కడిగి, అందులో నీళ్లు పోసి, రోజూ పొద్దున అమ్మ ఎదురుగా ఒక గ్లాసు ముంచుకుని తాగాడు. ఎనిమిదో రోజు "సచ్చిన్నా? సావలే గద. ఇగ వెట్టు" అన్నాడు. మా ఇంట్లో జరిగిన మొదటి వైజ్ఞానిక ప్రయోగం అదే. నాకు తెలిసినంతలో సరిగ్గా జరిగిన ప్రయోగం కూడా అదే.

నాయిన పేరు ఎల్లయ్య. జనగామ వైపు నుంచి బతుకుతెరువుకు వచ్చి, ఉప్పల్ రోడ్డు మీద ఒక పెద్ద ప్రభుత్వ ల్యాబ్‌లో గాజు ఊదే పనిలో చేరాడు. సైంటిస్టులు కాగితం మీద ఏదో బొమ్మ గీసుకుని వస్తారు: మూడు మెడల కుప్పె, పాములా చుట్టుకున్న గొట్టం, గొట్టంలో ఇంకో గొట్టం. ఆ ఆకారం బజారులో దొరకదు, మా నాయిన మంట దగ్గర కూర్చుని గాజును మైనంలా చేసి, నోటితో ఊది చేసిపెట్టాలి. ఆ మంటలో పచ్చటి వెలుగు కళ్లు చెదరగొడుతుంది కాబట్టి వంకాయరంగు అద్దాల కళ్లజోడు పెట్టుకునేవాడు. అప్పుడప్పుడు మరిచిపోయి అదే పెట్టుకుని సైకిల్ మీద ఇంటికి వచ్చేవాడు. పొద్దున బిస్కెట్ల ఫ్యాక్టరీ కమ్మటి వాసన, మధ్యాహ్నం మందుల ఫ్యాక్టరీ పులిసిన వాసన పీల్చుకుంటూ బతికే మా నాచారం గల్లీలో, సాయంత్రం సైరన్ మోగాక వంకాయరంగు కళ్లజోడుతో దిగే మనిషి మా నాయిన ఒక్కడే. పెళ్లిళ్లకు వెళ్తే మంచినీళ్ల గ్లాసును కూడా పైకెత్తి, వెలుతురులో తిప్పి, ఎక్కడ బిగువుగా ఉంది, ఎక్కడ పగులుతుంది అని చూసేవాడు. మగపెళ్లివాళ్లు తమ గ్లాసులు మురికిగా ఉన్నాయేమోనని కంగారు పడేవారు.

ఇంట్లో ఆయన కోసం ఒక నియమం ఉండేది. గాజు ఊదేవాడికి పెదవులే పనిముట్లు. పెదవి మీద చిన్న మంట ఉన్నా ఊపిరి సమంగా రాదు, ఊపిరి సమంగా రాకపోతే గాజు ఒకవైపు బుడగలా ఉబ్బి చెడిపోతుంది. అందుకని వారమంతా ఆయన కారం తినడు. పప్పు, మజ్జిగ, ఉప్పు వేసిన అన్నం, అంతే. ల్యాబ్‌కు ఆదివారం సెలవు కాబట్టి శనివారం సాయంత్రం మాత్రం తొక్కు తింటాడు. ఆ సాయంత్రం అమ్మ జాడీ మూత తీస్తే ఇల్లంతా ఆవపిండి వాసన, మేమంతా చుట్టూ చేరేవాళ్లం. వేడి అన్నంలో తొక్కు కలుపుకుని, కళ్లలో నీళ్లు కారుతుంటే, వారం రోజుల బాకీ తీర్చుకున్నట్టు తినేవాడు. ఇంట్లో అంత తొక్కు పెట్టుకుని ఆరు రోజులు వాసన మాత్రమే పీల్చి బతికిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక నా గొప్పతనం సంగతికి వస్తాను. బీఎస్సీలో నాకు మంచి మార్కులు వచ్చి, యూనివర్సిటీలో అప్పుడే కొత్తగా పెట్టిన ఒక ఆనర్స్ తరగతిలో సీటు దొరికింది. రకరకాల విభాగాల నుంచి పన్నెండు మందిని ఏరి, ఎవరి సబ్జెక్టు వాళ్లు చదువుకుంటూనే అందరూ కలిసి ఇంకో కోర్సు చదవాలన్నారు. మూడు విభాగాల మాస్టార్లు ఒకే గదిలో పాఠం చెప్పేవారు: భౌతికశాస్త్రం, చరిత్ర, ఆర్థికశాస్త్రం. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి అపారమైన గౌరవం. అందుకే ఒకరు మాట్లాడుతుంటే మిగతా ఇద్దరూ మధ్యలో అడ్డురాకుండా బయటికి వెళ్లి టీ తాగేవారు. ఫిజిక్స్ మాస్టారు విప్లవాలన్నీ ప్రెషర్ కుక్కర్ లాంటివని చెప్పి వెళ్లేవారు. చరిత్ర మాస్టారు వచ్చి, కుక్కర్ ఎవరిది, వండేది ఎవరు, తినేది ఎవరు అని అడిగేవారు. ఆర్థికశాస్త్రం మాస్టారు బోర్డు మీద రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట చుక్క పెట్టి, అంతా ఇందులో ఉంది అనేవారు. ఏ ప్రశ్నకైనా "ఒకవైపు", "మరోవైపు", "అయినప్పటికీ" అని మూడు ముక్కలు రాస్తే పాసవుతామని మేం మొదటి నెలలోనే కనిపెట్టాం. ఇదంతా జ్ఞానాన్ని ఏకం చేయడం కోసమట. ఏకమైంది మాత్రం క్యాంటీన్‌లో ఆ ఇద్దరి టీ కప్పులే.

ఆ పన్నెండు మందిలో ఎక్కువమంది ప్రొఫెసర్ల పిల్లలు, ఇంజనీర్ల పిల్లలు, సైంటిస్టుల పిల్లలు. మొదటి రోజు అందరూ తండ్రుల గురించి చెప్పుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు "మా నాన్నగారు ల్యాబ్‌లో ఉంటారు" అన్నాను. నేను అబద్ధం చెప్పలేదు. వాక్యాన్ని మధ్యలో ఆపేశాను, అంతే. మిగతాది వాళ్లే పూర్తి చేసుకున్నారు. చదువుకున్నవాళ్లతో ఉండే సుఖం అది, అన్నీ మనం చెప్పనక్కర్లేదు. నాచారంలో బస్సు ఎక్కేటప్పుడు "నాయిన", తార్నాకలో దిగేటప్పటికి "నాన్నగారు". నాలుగు స్టాపుల్లో మా నాయినకు అంత ప్రమోషన్ ల్యాబ్‌వాళ్లు కూడా ఇవ్వలేదు.

చివర్లో ప్రాజెక్టు వచ్చింది. ఒక సైన్సు విద్యార్థి, ఒక ఆర్ట్స్ విద్యార్థి జంటగా చేయాలి. కెమిస్ట్రీ చదివే నాకు చరిత్ర చదివే మాధవి జంటగా పడింది. మాధవివాళ్లది కోస్తా, వాళ్ల నాన్న మా నాయిన పనిచేసే ల్యాబ్‌లోనే పెద్ద సైంటిస్టు, ఉండేది ల్యాబ్ క్వార్టర్స్‌లో. మంచి పిల్ల. ఎవరినీ చిన్నచూపు చూసేది కాదు, ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. గాజు మీద చేద్దాం అంది. పదార్థం సంగతి నేను రాయాలి, పనివాళ్ల సంగతి తను రాస్తుంది.

"మా ల్యాబ్‌లో ఎల్లయ్య అని ఒక గ్లాస్ బ్లోయర్ ఉన్నాడట సుశీలా. పెద్దగా చదువుకోలేదు గానీ చేతిలో ఏదో మహత్తు ఉందని డాడీ అంటూ ఉంటారు. ఆయన్ని కలుద్దామా? మీ నాన్నగారికి కూడా తెలిసే ఉంటుంది, ఓసారి అడిగి చూడు" అంది.

అడుగుతానన్నాను. అంటే ఇంటికి వెళ్లి మా నాయినను, ఎల్లయ్య అనే ఆయన తెలుసా అని అడగాలన్నమాట. ఆ క్షణంలో "ఆయన మా నాయినే" అని చెప్పి ఉంటే మాధవి ఒకసారి ఆశ్చర్యపోయి, తర్వాత మురిసిపోయి, ఇంకా మంచి ప్రశ్నలు తయారు చేసుకుని ఉండేది. ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు దాటాయి, లోకంలో సిగ్గుపడాల్సినవి ఏవో నాకు బాగా తెలుసనుకునే వయసు.

ఆ సాయంత్రం నాయిన వాకిట్లో సైకిల్ గొలుసుకు నూనె వేస్తున్నాడు. అమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నేను గొంతు సవరించుకుని, "నాయినా, రేపు బుధారం నేను, మా క్లాసు పిల్ల ఒకామె నీ దగ్గరికొస్తం, నీ పని గురించి రాసుకునేతందుకు. కని మా కోర్సుల ఒక రూల్ ఉన్నది. సొంతోళ్ల గురించి రాయద్దట. తెలిస్తే మార్కులు తీసేస్తరట. గందుకు నువ్వు నన్ను ఎరుగనట్టే ఉండాలె" అన్నాను. ఒక్క శ్వాసలో చెప్పాను. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు కదా.

నాయిన గొలుసు వదిలి, చేతులు తుడుచుకుని ఆలోచించాడు. "రూల్ ఉంటె పాటించాలె గద. గందుకేం ఫికర్ జెయ్యకు" అన్నాడు. మళ్లీ గొలుసు అందుకుంటూ, "మరి నిన్నేమని పిలువాలె?" అని అడిగాడు.

"ఏమనీ పిలువకు, మాట్లాడితె చాలు."

"గట్లెట్ల? అనుమానమొస్తది. యూనివర్సిటీల సదివెటోళ్లను మేడమ్ అంటం. మేడమ్ అంట తీ."

అమ్మ చేతిలో చేట ఆగింది. నా వైపు చూసింది. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది, కొంచెం గట్టిగా. అమ్మ ఏ ఆనర్స్ చదవలేదు, కానీ మధ్యలో ఆపేసిన వాక్యాలు పూర్తి చేయడం ఆమెకూ వచ్చు.

మర్నాడు బుధవారం వర్క్‌షాపుకు వెళ్లాం. గ్యాసు వాసన, మంట హోరు, గోడ పొడవునా గాజు గొట్టాలు. మమ్మల్ని చూడగానే నాయిన మంట తగ్గించి లేచి నిలబడ్డాడు. "రాండ్రి మేడమ్, కూసోండ్రి" అన్నాడు. రెండు స్టూళ్లు ముందుకు జరిపి, భుజం మీది తువ్వాలతో మాధవి స్టూలు తుడిచాడు. తర్వాత నాది తుడిచాడు. నాది ఇంకొంచెం ఎక్కువసేపు తుడిచాడని నా అనుమానం. నేను కూర్చున్నాను. చిన్నప్పుడు ఆ తువ్వాలతోనే నా ముక్కు తుడిచేవాడు. అది ప్రశ్నావళిలో లేదు కాబట్టి రాసుకోలేదు.

మా నాయినకు నటన వచ్చని నాకు అంతవరకు తెలియదు. తొణకలేదు, బెణకలేదు. మాధవి అడిగినవాటికి మాధవికి, నేను అడిగినవాటికి నాకు, ఇద్దరికీ సమానంగా మేడమ్ అంటూ చెప్పాడు. మెత్త గాజు వేరు, గట్టి గాజు వేరు అని రెండు గొట్టాలు చూపించాడు. "గీ రెంటిని మంటల వెట్టి అతికిస్తె మంచిగనే అతుకుతది మేడమ్. సూస్తె ఒక్కటే అనిపిస్తది. కని సల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుసుకుంటది, ఒకటి తక్కువ ముడుసుకుంటది. అప్పుడు పలుగుతది. అందుకే నడుమ నాలుగైదు తీర్ల గాజులు వెట్టాలె, జరంత మెత్తది, ఇంకో జరంత మెత్తది, గట్ల." నమ్మకం కలగడానికి ఆ రెండింటినీ నేరుగా అతికించి బల్ల మీద పెట్టాడు. మాధవి కళ్లు మెరిశాయి. తన ముగింపు దొరికిందని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత ఆయన మాధవితో, "మీ నాయినగారు నాకెరుకే మేడమ్, పెద్దసారు. మస్తు మంచిగ మాట్లాడుతరు" అన్నాడు. అని, నా వైపు తిరిగాడు.

"మీ నాయినగారు ఏం జేస్తరు మేడమ్?"

కళ్లకు వంకాయరంగు అద్దాలున్నాయి. వాటిలో మంట కనిపిస్తోంది, కళ్లు కనిపించడం లేదు. నటనలో భాగంగా అడిగాడా, ఎరుగనివాళ్లయితే అలాగే అడుగుతారని అడిగాడా, నిజంగానే అడిగాడా, ఈ రోజు వరకూ నాకు తెలియదు. మాధవి కూడా నా వైపు చూస్తోంది. నాకు ఒక్క మాట చాలు. ఒక్క మాట అని ఉంటే అయిపోయేది.

"ల్యాబ్‌లోనే ఉంటారు" అన్నాను.

"మంచిది మేడమ్" అన్నాడు నాయిన, మంట పెంచుకుంటూ.

కథయితే సరిగ్గా అప్పుడే బల్ల మీది గాజు టప్పున పగలాలి. అది పగల్లేదు. మేము లేచి, నమస్కారాలు పెట్టుకుని, తలుపు దాకా వచ్చాక వెనకనుంచి చిన్న చప్పుడు వినబడింది. మాధవి సంబరంగా వెనక్కి వెళ్లి ముక్కలు చూసింది. నేను వెళ్లలేదు.

సాయంత్రం సైరన్ మోగాక నాయిన ఇంటికి వచ్చాడు. కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చుని, నన్ను దగ్గరికి పిలిచాడు. "మంచిగ జేసిన్నా బిడ్డా? నడుమల ఒక్కసారి నీ పేరు నోట్లెకొచ్చింది, మింగిన. నీ మార్కులు పోతయేమోనని జర బయమైంది" అన్నాడు. మంచిగ చేశావు నాయినా అన్నాను. ఆయన తలూపి, అమ్మతో "తొక్కు వెయ్యి" అన్నాడు.

అమ్మ మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడింది. "ఇయ్యాల బుధారం గద."

"ఎరుకే. వెయ్యి."

అమ్మ మూత తీసింది. ఆయన తిన్నాడు. మామూలుగా శనివారం తినేంత తిన్నాడు. కళ్లలో నీళ్లు కారాయి, తొక్కు తిన్నప్పుడు ఆయనకు కారేవే. విమలా నేనూ గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాం, ఎవరూ చుట్టూ చేరలేదు. తెల్లారి పెదవులకు వెన్న రాసుకుని పనికి వెళ్లాడు. ఎందుకు తిన్నావని నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడేమోనని భయం.

మా ప్రాజెక్టుకు తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. మెత్త గాజుకూ గట్టి గాజుకూ నడుమ ఉండే గాజులే అంతర్విభాగ అధ్యయనమని మాధవి ముగింపు రాస్తే, ముగ్గురు మాస్టార్లూ ఆ రోజు ఒకే గదిలో ఒకేసారి కూర్చుని విన్నారు. ఎవరూ టీకి వెళ్లలేదు. అనుబంధంలో ఒక పేజీ నా దస్తూరి బాగుంటుందని నాతో రాయించారు: "సమాచారదాత నంబర్ ఒకటి. పురుషుడు, నడివయసు. పాఠశాల విద్య అసంపూర్ణం. సహకరించే స్వభావం." పేరు రాయనక్కర్లేదన్నారు. సహకరించే స్వభావం అన్నది నేను సొంతంగా చేర్చాను.

తర్వాత నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌నయ్యాను. ముప్పై ఏళ్లు పిల్లలకు ఆ రెండు గాజుల సంగతి చెప్పాను. "నాకు తెలిసిన ఒక గొప్ప పనివాడు చెప్పాడు" అని మొదలుపెట్టేదాన్ని. అప్పుడు మాధవి లేదు, మాస్టార్లు లేరు, మార్కులు లేవు. అయినా నాకు తెలిసిన ఒక పనివాడే. అలవాటైన అబద్ధానికి కారణం అక్కర్లేదు. నాయిన రిటైరయ్యాడు, పోయాడు, ఆయన పోయి కూడా చాలా కాలమైంది. నేను మధ్యలో ఆపిన వాక్యం మాత్రం పెరుగుతూనే వచ్చింది. విమల పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆయన "ల్యాబ్‌లో పెద్ద ఉద్యోగి", సహస్ర దగ్గరికి వచ్చేసరికి ఏకంగా సైంటిస్టు. ఈ ఆనర్స్ ప్రోగ్రాంలో సీటు కోసం సహస్ర ఒక వ్యాసం రాసింది: "మాది నాలుగు తరాల వైజ్ఞానిక కుటుంబం. మా ముత్తాత శాస్త్రవేత్త." పంపే ముందు నాతో దిద్దించుకుంది. నేను శ్రద్ధగా కామాలు సరిచేశాను.

ఇప్పుడు ఆ దారిలో బస్సు స్టాపుల మీదుగా మెట్రో పోతోంది. నాచారంలో మేమున్న ఇంటి స్థానంలో ఐదంతస్తులు లేచాయి. బిస్కెట్ల వాసన ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు, సైరన్ లేకుండానే జనం టైముకు వెళ్తున్నారు, ఆలస్యంగా వస్తున్నారు. అప్పట్లో మా ముగ్గురు మాస్టార్లు కనీసం టీ కోసమైనా గది దాటేవారు. సహస్రకు పాఠం చెప్పే నలుగురూ నాలుగు ఊళ్ల నుంచి తెర మీదే వస్తారట. మేము చేత్తో రాసుకున్న మాటలను దాని ఫోన్ వింటూ వింటూనే రాసేస్తుంది. ఇన్ని మారాయి. మనిషి గురించి తెలుసుకోవాలంటే ముందు ఆ మనిషి మనకేమీ కాడని రాసివ్వాలన్నది మాత్రం మారలేదు. పైగా మా రోజుల్లో అది నా అబద్ధం, ఇప్పుడు పద్ధతి.

సరే, సహస్ర జాడీని బల్ల మీద పెట్టి, పక్కన ఫోన్ పెట్టి, గొంతు మార్చింది. ఒక్కసారిగా వార్తలు చదివే అమ్మాయి అయిపోయింది.

"నమస్తే మేడమ్. ఈ వస్తువు మీ ఇంటికి ఎలా వచ్చింది?"

మేడమ్ అనేసరికి నాకు ఎక్కడో తగిలింది. చెప్పాను. గోనెసంచి, సైకిల్, ఇసుకపొడి, ఎనిమిది రోజులు తాగిన నీళ్లు. ముచ్చటగా తలూపుతూ వింది. ఫారం చూసి తర్వాతి ప్రశ్న అడిగింది.

"మీ నాన్నగారు ఏం చేసేవారు మేడమ్?"

అది ఏడో ప్రశ్న. ముందే అచ్చువేసి ఉంది, పిల్ల కల్పించింది కాదు. మంచినీళ్లు తాగాను. నాలుక చివర "ల్యాబ్‌లో" అన్న మాట సిద్ధంగా ఉంది, ఇన్నేళ్లుగా అదే ముందు వస్తుంది. దాన్ని మింగాను.

"గాజు ఊదెటోడు" అన్నాను. "పేరు ఎల్లయ్య. సైంటిస్టు గాదు. సైంటిస్టులు గీసిన బొమ్మలను నోటితోటి ఊది చేసిచ్చెటోడు. నేను ఆయిన పెద్దబిడ్డను. నువ్వు ఆయిన మునిమనుమరాలివి."

సహస్ర గొంతు మళ్లీ మామూలుదైపోయింది. "పెద్దమ్మమ్మా, ఏందిది? గిట్ల చెప్తె మార్కులు పోతయ్. మళ్ల నా ఎస్సేల సైంటిస్ట్ అని రాసిన కదా, వాళ్లు చూస్తే?" అంది. దాని ముఖంలో భయం నిజం భయం. ఆ భయాన్ని దానికిచ్చింది నేనే, కామాలతో సహా.

"మార్కులు పోతయనే ఆయిన గూడ భయపడ్డడు" అన్నాను. "పోతె పోనియ్. ఎస్సేల తప్పు నాది, మీ సార్లకు నేను చెప్త."

పిల్ల ఫోన్ ఆపడానికి చేయి చాపి, ఎందుకో ఆపలేదు. నా ముఖం చూసి, మెల్లగా, ఫారంలో లేని ప్రశ్న అడిగింది. "ఆయినకు ఈ తొక్కు ఇష్టమా?"

"మస్తిష్టం. కని శనివారం సాయంత్రమే తినెటోడు" అన్నాను. "ఒక్క బుధారం తప్ప."